పిట్టకు చెప్పిన మాట

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం నా బిడ్డ నోరంటే. పామన్నా పోలీసన్నా అంత భయం లేదు. ఒంటరిగా ఎట్లా బతకాలన్న భయం మూడేళ్ల కింద ఉండేది, బతుకుతూ బతుకుతూ అది అరిగిపోయింది. నా బిడ్డ రాజశ్రీకి ఆరేళ్లు. చక్కగా మాట్లాడుతుంది. ఆ మాటల్లో ఒక మాట ఉంది, అన్నం ముద్దలాగా దాని నోటికి అలవాటైపోయిన మాట. అది నిజమైన రోజున నా బిడ్డ చప్పట్లు కొట్టి నవ్వుతుందేమో అన్నదే నా భయం.

ఆ భయం నాకు కళ్లకు కట్టిన రోజు నేను మెస్సులో ఉన్నాను. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్సులో నాది కూరగాయలు కోసే పని, వడ్డించే పని. నెలకు తొమ్మిది వందలు, రెండు పూటల తిండి. ఆ రోజు గ్యాసు అయిపోయి కట్టెల పొయ్యి మీద వండుతున్నాం. వానకు తడిసిన కట్టెలు మండక పొగ చిమ్ముతున్నాయి. అవతల పిల్లలు ఆకలికి ప్లేట్లు మోగిస్తున్నారు. నేనూ, నాతో పనిచేసే సోమమ్మ పెద్దమ్మా చెరో పక్క పట్టుకొని సాంబారు గిన్నె దించుతుండగా, నా బిడ్డ చదివే లాలాపేట బడి ఆయా వెనక గుమ్మంలో నిలబడి, టీచరమ్మ నన్ను వెంటనే రమ్మన్నదని చెప్పింది. గిన్నె చేతిలోంచి జారినంత పనైంది.

"పరేషాన్ కాకు. పిల్ల పానం మంచిగనే ఉన్నది. వేరే ముచ్చట" అన్నది ఆయా.

సోమమ్మ నా నడుముకున్న మసిగుడ్డ లాగేసుకుంది. "పోయి రా. వడ్డన నేను చూసుకుంట. మేనేజరు అడిగితే నీకు కడుపునొప్పి అని చెప్త. ఆడోళ్ల కడుపునొప్పి అంటే ఆయన ఇంకో మాట అడుగడు, తల దించుకొని ఆఫీసులకు పోతడు."

క్యాంపస్ దాటి, తార్నాక చౌరస్తా దాటి, లాలాపేట సందుల్లో పడి ఎట్లా నడిచానో తెలియదు. బడిలో ఒకటో తరగతి గది కిటికీ ఊచకు ఎర్ర రిబ్బను వేలాడుతోంది. పొద్దున నేను జడకు కట్టిన రిబ్బనే. దాని చివర ముడిలో ఒక సుద్దముక్క. గాలికి అటూ ఇటూ ఊగుతోంది.

కమలాదేవి టీచరు నన్ను పక్కకు తీసుకుపోయి నెమ్మదిగా చెప్పింది. రాజశ్రీ ఆ సుద్దముక్కను కట్టి, పిల్లలందరినీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి చేత దాన్ని ఊపిస్తోందట. ఇదేం ఆట అని అడిగితే, ఇది ఆట కాదు టీచర్, వీడు ఎంకన్న, వీడికి ఉరి పడ్డది, ఇక మా నాయిన కడుపునిండా తింటాడు అన్నదట.

"నేను కొట్టలేదమ్మా. కొట్టడానికి చెయ్యి రాలేదు" అన్నది టీచరు. "ఎవరమ్మా ఈ ఎంకన్న?"

రాజశ్రీ వరండా మెట్టు మీద కూర్చొని ఉంది. ఒక జడ ఊడిపోయింది. నన్ను చూసి తప్పు చేసిన పిల్లలాగా లేదు, మెచ్చుకుంటానేమో అన్నట్టు చూసింది. ఎట్లా అనుకోదు? ఆ మాట నేర్పింది ఇంట్లో పెద్దవాళ్లే. చెప్పినప్పుడల్లా దాన్ని ముద్దుపెట్టుకున్నదీ వాళ్లే.

ఎంకన్న ఎవరో టీచరుకు చెప్పినట్టే మీకూ చెబుతాను.

నా పెనిమిటి పరుశురాం మౌలాలి తొవ్వలో ఒక కిరాణా గోదాములో హమాలీ. రాత్రిళ్లు కాపలా కూడా ఉండేవాడు. ఎంకన్న అదే గోదాములో ట్రాలీ ఆటో నడిపేవాడు. మా పక్క ఊరివాడు. మా ఇంట్లో ఎన్నిసార్లు తిన్నాడో, నా చేతి పచ్చిపులుసు కావాలని అడిగి మరీ తిన్నాడు. ఒక వానాకాలం రాత్రి గోదాము తగలబడింది. లోపల నా పెనిమిటి, వెంకటస్వామి అనే ముసలి హమాలీ నిద్రపోతున్నారు. షట్టరుకు బయట తాళం వేసి ఉంది. కిరసనాయిలు పోసిందీ తాళం వేసిందీ ఎంకన్న. బీమా డబ్బుల కోసం గోదాము సేటే చేయించాడని బస్తీ అంతా అన్నది. ఎంకన్న కూడా కోర్టులో ఆ మాటే చెప్పాడు. సేటు మీద సాక్ష్యం లేదని ఆయన్ను వదిలేశారు. నిద్రపోయేవాళ్లను తాళం వేసి కాల్చినవాడికి బతికే హక్కు లేదని ఎంకన్నకు ఉరిశిక్ష వేశారు.

ఎంకన్న మంచివాడని నేను చెప్పబోవడం లేదు. లోపల మనుషులున్నారని తెలిసే చేశాడు. ఆ రోజు పొద్దుగూకినాక నేను పెనిమిటికి అన్నం డబ్బా తీసుకుపోయినప్పుడు నన్ను ఆటోలో గోదాము ముందు దించింది అతనే.

మూడోనాడు, నా పెనిమిటిని పూడ్చిన బొందలగడ్డకు పోయి పిట్టకు పెట్టాం. మా దిక్కు చావు ఇంట్లో అది తప్పదు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తాం. కాకి ముట్టిందంటే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో పెట్టుకున్నట్టు. అప్పుడు ఆ కోరిక ఏమిటో బతికున్నవాళ్లు ఊహించి, తీరుస్తామని గట్టిగా మాట ఇవ్వాలి. మాంసం కూర, ఉడికించిన గుడ్లు, సీసాలో కల్లు, బీడీ కట్ట, అన్నీ పెట్టాం. కాకులు గోడ మీద వరసగా కూర్చున్నాయి కానీ ఒక్కటీ దిగలేదు. బిడ్డను సదివిస్తం అన్నాడు మా అన్న. దిగలేదు. పెండ్లాన్ని మంచిగ చూసుకుంటం అన్నాడు మరొకాయన. దిగలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. అప్పుడు మా అత్త భూదేవమ్మ వచ్చి ఆ మట్టిలో మోకాళ్ల మీద కూలబడి, రెండు అరచేతులూ నేలకు ఆనించి అన్నది.

"కొడుకా, నిన్ను కాల్చినోన్ని ఉరి తీపిస్త. తిని పో."

ఒక కాకి దిగింది. మాంసం ముక్క నోట కరుచుకొని పోయింది. దాని వెనక అన్నీ దిగాయి. అందరూ బావురుమన్నారు. ఆ ఏడుపులో దిగులు కంటే హాయి ఎక్కువ ఉంది. నేను కూడా ఏడ్చాను.

ఆ రోజు నుంచి మా అత్త ప్రతి అమాసకూ ఇంటి వెనక పిట్టగోడ మీద విస్తరి పెట్టేది. చిన్నపిల్ల నోటి మాట పిట్టకు జల్ది అందుతదని రాజశ్రీ చేత చెప్పించేది. అప్పుడు దానికి మూడేళ్లు, మాటలు సరిగా పలికేవి కావు. "నాయినా, వాన్ని ఉలి తీత్తలు, తిని పో" అనేది. బస్తీ ఆడవాళ్లు వినడానికి వచ్చేవాళ్లు. ఆ చేతులు జోడించడం, ఆ పలకడం చూసి నవ్వుతూ కళ్లు తుడుచుకునేవాళ్లు. కాకి వచ్చి ముట్టేది. మా అత్త మనవరాలిని ఎత్తుకొని ముద్దుపెట్టుకొని, ఆ తర్వాతే తాను ఒక ముద్ద తినేది.

ఏడాదికొకసారి, పోయిన పెద్దలకు పెట్టే పెత్రమాసకు సేటు తన గుమస్తాతో సన్నబియ్యం, మాంసం పంపేవాడు. పిట్టకు లోటు రాకూడదని చెప్పి పంపేవాడట. నేను వద్దంటే మా అత్త ఊరుకునేది కాదు. తన కొడుకు ఆయన ఉప్పు తిన్నాడని, పెద్దమనిషి పంపింది వాపసు చేస్తే పాపమని అనేది. ఉప్పు తిన్నవాడు ఆయన గోదాములోనే కాలిపోయాడన్న సంగతి ఆమెకు తెలియక కాదు. తెలిసినా ఆయన మీద కోపం పెట్టుకోవడానికి ఆమెకు ఎక్కడా చోటు దొరకలేదు. కోర్టు ఒక్కడిని చూపించింది, ఆ ఒక్కడి మీదే పెట్టుకున్నది.

బడి నుంచి ఇంటికి వచ్చాక నేను రాజశ్రీని ఏమీ అనలేదు. మా అత్త గడపలో కూర్చొని చేటలో బియ్యం ఏరుతోంది. రాజశ్రీ ఆమె ఒడిలోకి చేరి చేటలోని వడ్లగింజలు ఏరసాగింది. ఏరుతూ ఏరుతూ అడిగింది.

"నాయినమ్మా, వాన్ని ఉరి తీసినంక నాయిన మళ్ల రాడా?"

"ఎందుకు రాడు?"

"మరి గప్పుడు ఏం చెప్పి పిలువాలె?"

మా అత్త చెయ్యి చేటలో ఆగిపోయింది. ముసలి కళ్లతో మనవరాలిని అట్లాగే చూసింది. చేట పక్కకు పెట్టి లేచి, పని ఏమీ లేకపోయినా నీళ్ల బిందె దగ్గరికి పోయింది. మూడేళ్లలో ఆ మాటకు తడబడటం నేను అదే మొదటిసారి చూశాను.

ఇప్పుడు నిరోష సంగతి చెప్పాలి. నిరోష మా హాస్టల్ పిల్ల, లా చదువుతుంది, నల్లగొండ దిక్కు పల్లె. ప్లేటు ఎవరికీ వదలకుండా తానే కడుక్కుంటుంది. బడి సంగతికి వారం ముందు, మేం పనివాళ్లం వెనక మెట్ల మీద కూర్చొని తింటున్నప్పుడు వచ్చి నా పక్కన కూర్చుంది. ఎంకన్న ఉరిని హైకోర్టు ఖాయం చేసిందని, ఢిల్లీ కోర్టు కూడా కొట్టేయలేదని, ఇక రాష్ట్రపతి దయ ఒక్కటే మిగిలిందని చెప్పింది. ఉరి రద్దు చేసి యావజ్జీవం చేయమని విద్యార్థులు తార్నాకలో సంతకాలు తీసుకుంటున్నారట. చనిపోయినవాడి భార్యే అడిగితే దానికుండే బరువు వేరు అన్నది. పేదవాడిని ఉరితీసి, చేయించినవాడిని వదిలేసే న్యాయం ఏం న్యాయం అన్నది. సర్కారు చంపినా చంపడమే అన్నది. అన్నీ నెమ్మదిగానే చెప్పింది. నేనే అన్నం ప్లేటు కింద పెట్టి లేచాను.

"నిరోషమ్మా, నువ్వు సదువుకున్న పిల్లవు. నా పెనిమిటి షట్టరుకు గోర్లతోని గీకిన గీతలు నేను చూసిన. నువ్వు చూడలే. పో ఈడికెళ్లి."

నిరోష తల వంచుకొని వెళ్లిపోయింది. మరుసటి రోజు వడ్డనలో నా ముందుకు వచ్చినప్పుడు కళ్లెత్తి చూడలేదు. నేనూ గరిటె ఎత్తి పోశానే తప్ప మాట్లాడలేదు. సోమమ్మ పెద్దమ్మ ఇదంతా చూసి సాయంత్రం గిన్నెలు తోముతూ, నీ కోపం నీకు న్యాయమే బిడ్డా అన్నది. కొంచెంసేపాగి, ఏసయ్యను సిలువ వేసింది గూడ కోర్టు తీర్పే గదా అని ఎవరికో చెబుతున్నట్టు అన్నది. మా దేవుళ్లు వేరు అనుకున్నాను.

కానీ సుద్దముక్క ఊగడం చూసినాక ఆ రాత్రి నేను ఎంకన్న గురించి ఆలోచించలేదు. నా బిడ్డ గురించే ఆలోచించాను. అది పెద్దదవుతుంది. ఒకరోజు రేడియోలో వస్తుంది, పేపర్లో వస్తుంది, ఎంకన్నను ఉరితీశారని. బస్తీ అంతా వచ్చి, నీ మాట నెగ్గింది బిడ్డా అని దాన్ని ఎత్తుకుంటుంది. ఒక మనిషి ప్రాణం పోయినందుకు నా బిడ్డకు మిఠాయి పెడతారు. ఆ మిఠాయి రుచి దాని నోట్లోంచి ఎప్పుడు పోవాలి?

మరునాడు మధ్యాహ్నం వడ్డన అయినాక తార్నాక చౌరస్తాకు పోయాను. ఒక పాత షామియానా, రెండు బెంచీలు, చేత్తో రాసిన అట్టలు. నిరోష తోటి పిల్లలు బస్సు దిగేవాళ్ల వెంటపడి మాట్లాడుతున్నారు. వినేవాళ్లు కొందరు, మీ ఇంట్లోవాణ్ని కాల్చితే తెలుస్తది అని తిట్టిపోయేవాళ్లు కొందరు. తిట్టినవాళ్ల మీద నాకు కోపం రాలేదు. ఆ ఇంటిదాన్ని నేనే కదా.

షామియానా కింద ఒక మూల ఎంకన్న భార్య బాలలక్ష్మి కూర్చొని ఉంది. ఒడిలో చిన్నపిల్ల, అక్కవాళ్లదో ఎవరిదో గౌను, పాదాల దాకా ఉంది. ఆ పిల్ల కడుపులో ఉన్నప్పుడే ఎంకన్న జైలుకు పోయాడు. నన్ను చూసి బాలలక్ష్మి లేచి నిలబడింది. కాళ్ల మీద పడుతుందేమోనని వెనక్కి జరిగాను. పడలేదు.

"నేను నిన్ను ఏం అడుగ స్వరూపా" అన్నది. "అడిగేటందుకు నాకు మొకం లేదు."

అంతే, మళ్లీ కూర్చుంది. ఆమె ఏడ్చి బతిమాలి ఉంటే నేను వెనక్కి తిరిగి వచ్చేసేదాన్నేమో. ఆ చిన్నపిల్ల నా కొంగుకున్న తాళంచెవి కోసం చెయ్యి చాచింది. నేను ఇవ్వలేదు, లాక్కోనూ లేదు. కాసేపు దాని పిడికిట్లో ఉండనిచ్చాను.

నేను వచ్చిన పని చెబితే, నిరోష కాగితం రాసి చదివి వినిపించింది. మొదటి మాటే, నా భర్తను చంపినవాడిని నేను క్షమిస్తున్నాను అని ఉంది. ఎనిమిదో తరగతిలో బడి మానిన నాకు కూడా ఆ మాట నాది కాదని తెలిసింది.

"అది కొట్టెయ్యి" అన్నాను.

"అక్కా, ఆ మాటకే బలం ఉంటది. పెద్దోళ్లు చూసేది గదే. మాఫీ చేసినవంటే మనసు కరుగుతది."

"నేను మాఫీ చెయ్యలే. చేసిన్నని అబద్ధం ఎందుకు రాయాలె? వాడు సచ్చేదాక లోపల్నే ఉండాలె. పొద్దున లేచి నా పెనిమిటిని యాది చేసుకోవాలె. కాని నా బిడ్డ పేరు మీద వాన్ని సంపొద్దు. గంతే రాయి."

నిరోష కలం ఆపి, మాఫీ మాట లేకపోతే ఈ కాగితం పనికి రాకపోవచ్చని చెప్పింది. పక్కనున్న కుర్రవాళ్లు కూడా ఆ మాటే అన్నారు. వాళ్ల మాటలో నిజం ఉందని నాకు తెలుసు. బాలలక్ష్మి వింటూ ఉంది, ఆమె దిక్కు చూడకుండా ఉండటానికి బస్సుల దిక్కు చూశాను. ఆ ఒక్క మాట లేకపోవడం వల్ల రేపు ఒక ప్రాణం పోతే ఆ పాపం కూడా నాదే అవుతుందా అని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఉరి పడితే నాయిన తింటాడన్న ఇంటి అబద్ధాన్ని మాన్పించడానికి వచ్చి, ఇక్కడ ఇంకో అబద్ధం పెట్టలేకపోయాను. చివరికి నేను చెప్పినట్టే రాసింది. సంతకం చేసి మెస్సుకు పోయి రాత్రి వంటకు ఉల్లిగడ్డలు కోశాను.

పెత్రమాసకు ముందురోజు అది పేపర్లో వచ్చింది. ఉరి వద్దన్న హతుడి భార్య అని పెద్ద అక్షరాలు. సేటు గుమస్తా బియ్యం సంచి, మాంసం తెచ్చి, ఆ పేపరు కూడా తెచ్చి మా అత్తకు చదివి వినిపించి పోయాడు. సేటుగారు చాలా బాధపడ్డారని కూడా చెప్పాడట.

నేను ఇంటికి వచ్చేసరికి ఆమె పొయ్యి ముందు కూర్చొని ఉంది. పొయ్యి వెలగలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"సచ్చినంక గూడ నా కొడుకును ఉపాసం పెడుతవా స్వరూపా?" అన్నది.

ఈ ఇంటికి వచ్చినప్పుడు నాకు వంట రాదు. కూర మాడ్చిన రోజున కొడుకు కోప్పడితే, నేనే మాడ్చిన అని తన మీద వేసుకున్న మనిషి ఆమె. ఆమె ముందు కూలబడి ఆమె మోకాలు పట్టుకున్నాను.

"అత్తమ్మా, ఒక్క ముచ్చట అడుగుత. రేపు ఎంకన్నకు ఉరి పడ్డదనుకో. మూడోనాడు వాళ్లు గూడ పిట్టకు పెడుతరు. ఆ పిట్ట ముట్టకుంటే వాని బిడ్డ ఏం చెప్పాలె? ఎవ్వల్ని ఉరి తీస్తమని చెప్పాలె?"

ఆమె చల్లారిన బూడిదలో పుల్లతో గీతలు గీసింది.

"అది వాళ్ల గోస. నాకెందుకు" అన్నది చివరికి. ఆ తర్వాత తనలో తాను అనుకున్నట్టు అన్నది. "నేను నోరు జారిన మాట కాదే. వాడు దిగి తిన్నడు. అందరు చూసిండ్రు. ఇయ్యాల వద్దంటే వాడు ఏడికి పోతడు?"

కాకి మాంసం కోసం దిగిందని నేను అనగలను. అంటే ఆమె కొడుకు ఆ రోజు రాలేదని చెప్పినట్టే. అంత మాట నా నోటికి రాలేదు.

పెత్రమాస పొద్దున ఆమె తలస్నానం చేసి అన్నీ వండింది. మాంసం, గుడ్లు, గారెలు. బస్తీలో ఆడపిల్లలు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మకు పూలు తెస్తూ తిరుగుతున్నారు. రాజశ్రీ కూడా ఒళ్లో తంగేడు పూలు పోసుకొని వచ్చింది. మా అత్త పిట్టగోడ మీద విస్తరి పెట్టి, ఏమీ జరగనట్టు మనవరాలిని పిలిచింది. తీగ మీద కాకులు ఉన్నాయి. రాజశ్రీ అలవాటుగా పూలు కింద పోసి చేతులు జోడించింది.

నేను వెనక నుంచి దాని భుజాల మీద చేతులు వేశాను.

"ఆ మాట చెప్పకు బిడ్డా."

"మరి నాయిన తినడు గదా?"

"తినకుంటే తినకపాయె. నువ్వు చెప్పకు."

రాజశ్రీ ఒకసారి నన్ను, ఒకసారి నాయినమ్మను చూసింది. ఇద్దరిలో ఎవరూ దానికి సాయం చేయలేదు. జోడించిన చేతులు ఏం చేయాలో దానికి తెలియలేదు. కాసేపటికి నోరు తెరిచింది.

"నాయినా, ఇయ్యాల బతుకమ్మ" అన్నది మెల్లగా. "నేను గూడ పేరుస్త. తిని పో."

ఒక కాకి తీగ మీంచి గోడ మీదికి దిగింది. మెడ పక్కకు వంచి విస్తరిని చూసింది. ఒక గెంతు ముందుకు వేసింది. మా అత్త ఉండబట్టలేక ముందుకు వంగి, ఉరి తీపిస్త కొడుకా, మాట తప్పను, తిను, అని గట్టిగా అన్నది. ఆ గొంతుకు బెదిరిందో ఏమో, కాకి లేచిపోయింది. ఆమె మళ్లీ అన్నది. మళ్లీ మళ్లీ అన్నది. గొంతు బొంగురుపోయింది. తీగ మీద ఒక్క కాకీ మిగలలేదు. విస్తరి మీదికి చీమలు ఎక్కాయి.

"పో" అన్నది నన్ను చూడకుండానే. "బిడ్డను తీసుకొని పో."

ఇప్పుడు నేను, రాజశ్రీ గోల్నాకలో మా అన్న ఇంట్లో ఉంటున్నాం. అక్కడి నుంచే మెస్సుకు వస్తున్నాను. నా బిడ్డ కొత్త బడికి పోతోంది. రిబ్బను జడకే ఉంటోంది. అప్పుడప్పుడు కాకి అరిస్తే తినడం ఆపి నా ముఖం చూస్తుంది, అంతే. ఢిల్లీ నుంచి ఇంకా ఏమీ రాలేదని నిరోష చెబుతుంది. బాలలక్ష్మిని తర్వాత చూడలేదు. ఎంకన్న బతుకుతాడో లేదో నాకు తెలియదు. సేటు హబ్సిగూడలో కొత్త గోదాము తెరిచాడని విన్నాను.

లాలాపేటకు ఒకసారి పోయాను. మా అత్త తలుపు తీయలేదు. పక్కింటివాళ్లు చెప్పారు, ఆమె ఇప్పుడు అమాసకే కాదు, రోజూ విస్తరి పెడుతోందట. పిట్ట ముట్టేదాకా తాను ముట్టనని కూర్చుంటోందట. ఏం చెప్పి పిలుస్తోందో ఎవరికీ వినపడదట, పెదవులు కదులుతాయట, అంతే. చీకటిపడ్డాక అన్నం కుక్కలకు వేసి, కాసిని చాయ తాగి పడుకుంటోందట.

ఇది చదివేవాళ్లలో తార్నాక దిక్కు పోయేవాళ్లు ఎవరైనా ఉంటే నాకొక్క పని చేసిపెట్టండి. చౌరస్తా నుంచి లాలాపేటలోకి పోయి, పాల డెయిరీ దాటినాక భూదేవమ్మ ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. రేకుల ఇల్లు, వెనక పిట్టగోడ ఉంటుంది. ఆమెకు చెవులు కొంచెం మందం, గట్టిగా పిలవాలి. నేను పంపానని చెప్పకండి. దారిన పోతూ ఆగినట్టు ఆగి, మంచినీళ్లు అడిగి, పక్కన కాసేపు కూర్చోండి. పిట్ట ముట్టినా ముట్టకపోయినా, ముందు ఆమెను ఒక ముద్ద తినమనండి.